ముందు చేతులు

కాశీబుగ్గ స్టేషన్లో నా మొదటి నైట్ బీటుకి
హెడ్డు దాలినాయుడు గారు చేతిలో పెట్టింది లాఠీ కాదు, టార్చి.
మూడు సెల్లుల స్టీలు టార్చి.
మూతి దగ్గర సొట్ట.
ఎవరి తల మీద పడిన సొట్టో ఆయన చెప్పలేదు,
నేను అడగలేదు.

"గుండికాడ ఎట్టుకోకు.
ఎడం సేత్తో, ఒంటికి దూరంగా పట్టు.
సీకట్లో రాయి ఇసిరీవోడు ఎలుగుని సూసే ఇసురుతాడు.
ఎలుక్కి తగిలితే తగల్నీ, నీకు తగలకూడదు."

మా ఉద్దానంలో ఎలుగంటే రెండూ.
దీపానిదీ ఎలుగే,
జీడితోటల్లోంచి రోడ్డెక్కేదీ ఎలుగే.
ఉన్నట్టుండి ఎదురైతే
దేని ముందైనా మనిషి బిగుసుకుపోతాడు.

సెల్లులు నీరసిస్తే స్టేషన్ డాబా మీద
వడియాల పక్కన ఎండబెట్టేవాళ్ళం.
సాయంత్రానికి ఇంకో గంట ఆయుష్షు పోసుకునేవి.
ఇప్పుడు ఛార్జింగు లైట్లొచ్చాయి.
డిపార్ట్‌మెంటుది మూణ్ణెల్లకే కళ్ళు మూసింది.
నాది నేను కొనుక్కున్నదే, బజార్లో ఎనిమిదొందల యాభై.
బెల్టు మాత్రం మగవాళ్ళ నడుముకి కుట్టింది.
నడుస్తుంటే టార్చి తుంటి ఎముకని తడుతూనే ఉంటుంది,
ఇంటికెళ్దామని సతాయించే పిల్లాడిలా.

బీటు పుస్తకంలో సంతకం పెట్టాలంటే
దాన్ని చంకలో ఇరికించాలి, లేదా పళ్ళ మధ్య.
రబ్బరు పట్టీకి చెమట రుచి, కొంచెం తుప్పు.
ఆ రుచి తగిలితే చాలు, నిద్ర ఎగిరిపోతుంది.

షట్టరు తాళాల మీద కొట్టి చూస్తాం.
ఏటీఎం అద్దమ్మీద నేరుగా కొట్టం,
మన కళ్ళలోకే తిరిగొస్తుంది.
కుక్క కళ్ళు పచ్చగా వెలుగుతాయి, మేక కళ్ళు పసుపుగా.
మనిషి కళ్ళు వెలగవు.
చప్పుడు వినిపిస్తే ఆర్పేయాలి.
ఇది నేర్చుకోడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది.
భయమేస్తే వేలు బటన్ వైపే పరిగెడుతుంది.

రిటైరయ్యే నెలలో, టీ తాగుతూ, మామూలుగా అన్నారాయన:
"మొకమ్మీద కొట్టకమ్మా. ముందల సేతులు సూడు.
మొకం అబద్దమాడీగల్దు.
సేతులకి ఆ తెలివి నేదు."

పోయిన మాఘం. అమావాస్య ఇంకా రేపు.
హౌరా మెయిలు వెళ్ళిపోయి, పట్టాలు సద్దుమణిగాక
జీడి ఫ్యాక్టరీ వెనక గోడ పక్క ఎవరో నడుస్తున్నారు.
ఆగమన్నాను.
చేతుల మీద కొట్టాను.

నల్లటి చేతులు.
మసి కాదు.
పిక్క తొక్కలోని నూనె తోలుని కొరికి వదిలేసిన నలుపు.
వేళ్ళ కొసలు అరిగిన పాత కానుల్లా నున్నగా,
గీత లేదు, సుడి లేదు.

ఈ వేళ్ళని రేషను మిషను గుర్తుపట్టదు.
మా అమ్మ వేలు పెట్టి, చీరకి తుడిచి, మళ్ళీ పెట్టి,
తాను తానేనని ఒప్పించలేక
ఖాళీ సంచితో తిరిగొచ్చిన మధ్యాహ్నాలు నాకు లెక్క.
దొంగతనం జరిగిన చోట వేలిముద్రలు ఎత్తడం ట్రైనింగులో నేర్పారు.
ముద్రలే లేని చేతుల సంగతి
ఏ క్లాసులోనూ రాలేదు.

"షిఫ్టు అయిపోనాదమ్మా," అంది.
ఆడవాళ్ళ షిఫ్టు పొద్దుగూకకముందే అయిపోతుందని నాకు తెలుసు.
నాకు తెలుసునని ఆమెకీ తెలుసు.

సంచి ఉంది. చిన్నది, మూతి ముడేసి, చంక కింద.
వెలుగు ఒక జానెడు జరిపితే సంచి.
మణికట్టు కొంచెం తిప్పితే చాలు.
ముందు చేతులు చూడమన్నారు సరే,
ఆ తర్వాత ఏం చూడమన్నారో
ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు.

ఆమె ఒకడుగు వేసింది.
కాలువ మీద పలక ఊగింది, పట్టు తప్పబోయింది.
టార్చి దానంతటదే కిందికి దిగింది.
ఆమె కాళ్ళకి ఒక మూర ముందు వెలుగు పరిచి
గోడ మలుపు దాకా నడిపించాను.
చెప్పుల్లేవు. మడమలు కూడా నల్లనివే.
వెనక్కి తిరిగి చూడలేదు.
తిరిగితే ఆ వెలుగులో నేను కనిపించను కూడా.

పళ్ళ మధ్య టార్చి. బీటు పుస్తకం.
"రాత్రి ఒకటీ నలభై. జీడి ఫ్యాక్టరీ వెనక రోడ్డు.
కాలువ మీద మూడో పలక విరిగి ఉన్నది.
మున్సిపాలిటీ వారికి తెలియజేయవలెను."

కింద సంతకం.
దాని మీద చిన్న ఉమ్మి చుక్క పడి, సిరా కాస్త పాకింది.