తొమ్మిదో ప్రశ్న

జహ్రాలో మే నెల. పొద్దుపోయినా
లాయం రేకులు చిటపటమంటానే ఉంటాయి.
ఫ్యాను కింద బకెట్టు బోర్లించి కూర్చోని
మునీరా మేడమ్ కాగితాలు నింపుతాంది.
ఇన్సూరెన్సుకైతే ఏడాదికి మూడొందల ఇరవై దీనార్లు,
గుర్రానికి ఏమీ కాకపోతే అవి గాలికి.
కాదంటే నెలనెలా ముప్పై డబ్బాలో వేసుకోవాల,
ఏమన్నా అయితే అవి ఏ మూలకి?
"ఓబులేసూ, నువ్వే చెప్పు" అనింది
నా కోసం చిన్నచిన్న ముక్కలు చేసిన అరబ్బీలో.

ఇట్టాంటి మాట నన్నెవరడిగినారు ఇంతవరకూ?
మా తాత జట్కా గుర్రానికి ఉన్న ఇన్సూరెన్సు
మెడలో నల్లతాడు, తాడుకొక గవ్వ.
గుడ్డి గుర్రానికైనా దాణా తప్పదనేవాడు గాని
డాక్టరు తప్పడని అనలేదు.
రాయచోటిలో అప్పుడు గుర్రాల డాక్టరెవరు?
వాము, ఇంగువ, వేన్నీళ్లు. ఆ పైన దేవుడు.

షమ్మా నా భుజమ్మీద మూతి పెట్టి వింటాంది.
ముందు ఎడమకాలు కొంచెం ఈడుస్తాది.
మేడమ్ వాళ్ల నాయన ముచ్చటపడి కొన్నాడు.
ఆయన పోయినాక ముగ్గురొచ్చినారు బేరానికి,
పండ్లు చూసి నవ్వుకుంటా పోయినారు.

ఒకటో ప్రశ్న, రంగు. రెండోది, వయసు.
పద్నాలుగని రాసి, కొట్టేసి, పదహారు రాసింది.
(నా పేరున కూడా ఏదో ఇన్సూరెన్సు ఉందంట;
దాని ప్రశ్నలకు జవాబులెవరు రాసినారో తెల్దు.)
తొమ్మిదోది:
ఇంతకు ముందు ఎప్పుడన్నా కడుపుశూల వచ్చిందా?
"లేదు గదా" అనుకుంటా
నా పక్క చూడకుండానే గీత గీయబోయింది.

వచ్చింది మేడమ్.
పోయినేడు ఆగస్టులో, నువ్వు టర్కీలో ఉన్నప్పుడు.
ట్యాంకులో నీళ్లు కాగిపోతే మూతి పెట్టలేదు.
రాత్రి పదకొండుకు డొక్క పక్క తిరిగి తిరిగి చూసుకునింది,
కాలితో ఇసక గీరింది, కూలబడింది,
పొర్లబోతే గుంజి లేపినా.
డాక్టర్ రిఫాత్ ఫోనెత్తలేదు. ఎత్తుంటే మాత్రం?
రాత్రిపూట వస్తే అరవై దీనార్లు, నా జోబులో పదకొండు.
ఈ గోడ నుంచి ఆ నీళ్ల లారీ దాకా
తెల్లార్లూ నడిపించినా, దాన్ని, నన్ను.
నాకొచ్చిన మాటలన్నీ దానికే చెప్పినా:
బోరు ఎండిపోయింది, చీనీచెట్లు కొట్టేసినాము,
చిన్నోడు బైకు కావాలంటాండాడు.
ఫజర్ బాంగు వినపడేటప్పుడు తోక ఎత్తి
మూడంటే మూడు ఉండలు పెంట వేసింది.
పెండ్లికి పెట్టిన బంగారాన్ని కూడా
అంత సంతోషంగా నేను చూడలేదు.
నీకు చెప్పలేదు. చెప్తే
ట్యాంకు మీద గోనె ఎందుకు కప్పలేదని అడుగుతావని.

ఇదంతా లోపల ఒక్క ఊపున తిరిగింది.
నోట్లోంచి వచ్చింది మూడు ముక్కలే:
"ఒక తూరి వచ్చింది."

చెప్పకుంటే కాగితం ఒప్పుకుంటాది.
రేపు కడుపు కోయాల్సి వస్తే వాళ్లు అడిగేది నన్నే,
ఇదే మొదటి తూరా అని.
చెప్తే ఆ ఒక్క రోగం తప్ప
అన్నిటికీ డబ్బులిస్తారంట.
దానికొచ్చేదే ఆ ఒక్క రోగం.

మేడమ్ తిట్టలేదు. "ఎన్ని గంటలు నడిపించినావు?"
"ఆరు."
కాగితం తిప్పి వెనకపక్క లెక్కలేసింది.
ఆపరేషనుకు రెండున్నర వేలు. నెలకు ముప్పై అంటే
ఏడేండ్లు. ఏడేండ్లు ఇది ఉంటాదా
అని ఇద్దరమూ అనుకున్నాము, ఎవరమూ అనలేదు.
ముప్పై కొట్టేసి యాభై రాసింది.
"ఇంకోసారి రాత్రయితే నన్ను అడగొద్దు, పిలిపించు."

ఇప్పుడు జీన్ల గదిలో, బీరువాలో
ఒక నీడో డబ్బా. లోపల నూట యాభై.
బీరువా తాళంచెవి నా మొలతాడుకు.
ముందు షమ్మా ఒక్కదానికే కాపలా,
ఇప్పుడు ఎలుక కదిలినా లేస్తాండా.
లేచినప్పుడంతా ట్యాంకులో చెయ్యి పెట్టి చూసి
గోనె మళ్లీ తడిపి కప్పి
వచ్చి పడుకుంటా.