తాడు వదిలే చోటు

త్రియెస్తె ఊరి మీద బోరా గాలి.
గంటకి నూటపది కిలోమీటర్లంది రేడియో.
కిటికీ రెక్కలు పళ్ళు కొరుకుతున్నాయి.
మూడో అంతస్తులో మైక్రోస్కోపు ముందు నేను,
వెచ్చటి ద్రవం కాస్త,
అందులో ఇంకా పుట్టని ఎలుకపిల్ల మెదడు ముక్క,
ఉల్లిపొర కన్నా రవ్వంత మందం.

పది నిమిషాలకో ఫోటో.
ఆకుపచ్చగా వెలిగేలా చేసిన ఒక కణం
నిలువు పోగును వాటేసుకుని పాకుతోంది.
ముందు ఒక కొస చాస్తుంది,
తడుముతుంది,
ఆలోచిస్తున్నట్టు ఆగుతుంది.
(ఆలోచించదు. ఆలోచన ఇంకా కట్టని ఇల్లు.)
ఆ తర్వాత బరువైన కేంద్రకం
మెట్టు తప్పినట్టు గభాలున జారి కొసను కలుసుకుంటుంది.
గంటసేపు కష్టపడితే
వెంట్రుక మందంలో పదో వంతు దూరం.

మా నోనా కార్స్ట్ గుట్టల మీంచి
పాలక్యాన్లు మోసుకుని ఈ ఊళ్ళోకి దిగేది.
బోరా రోజుల్లో వీధి పొడుగునా తాళ్ళు కట్టేవారు.
"పట్టుకోవడం ఎవరికైనా వచ్చు నెవెంకా,
వదలడమే పని" అనేది,
అరిచేతిలో కాయలు చూపిస్తూ.
కళ్ళు తెరవనివ్వని దుమ్ములో
రొట్టె వాసన తగిలిన మలుపు దగ్గర
తాడు వదిలేసేదట. అక్కడే మొదటి వాడిక.
వెనకొచ్చిన ఆడవాళ్ళు
ఆమె భుజం ఒరుసుకుంటూ పైవీధికి.

ఇక్కడా ముందు పుట్టినవి కిందే ఆగుతాయి,
తర్వాతివి వాటిని దాటి పైకి పోతాయి.
అన్నిటికన్నా పైన, పొయ్యి ముందు కూర్చున్నట్టు,
కొన్ని కణాలు
రీలిన్ అనే ప్రోటీన్‌ను వదులుతుంటాయి.
అది సోకినచోట పోగు విడవాలి.

రెండో పళ్ళెంలో అది లేదు.
ఒక్క జన్యువు చెడింది, అంతే.
కణాలు ఎక్కాయి. బాగానే ఎక్కాయి.
దిగే చోటు తెలీక
ముందొచ్చినవాటి కాళ్ళకింద
ఒకదాని మీద ఒకటి ఇరుక్కున్నాయి.
అలాంటి ఎలుక పుట్టి నడిస్తే తూలుతుంది.
చూశాను.
పడి, గోడకి ఒరిగి, మూతి కడుక్కుంటుంది
ఏమీ జరగనట్టు.

చెప్పడం మరిచాను:
ఆ పైన కూర్చున్న కణాలు, పని అయ్యాక,
చాలామట్టుకు చచ్చిపోతాయి.
ఎదిగిన మెదడులో వెతికితే ఒకటీ అరా.

నాలుగింటికి దీపాలార్పి బయటపడ్డాను.
గాలి మెడ మీద చెయ్యేసి తోస్తోంది.
రొట్టెల కొట్టు ఉన్నచోట
ఇప్పుడు ఫోన్ కవర్లమ్ముతారు. షట్టర్ మూసుంది.
అక్కడికి రాగానే
కాళ్ళు ఆగాయి.
కోటు జేబులో పిడికిలి
దానంతటదే విప్పుకుంది.