పొలమారింది

మార్చిలో సంగడిగుంట గాలికి
మిరప ఘాటు తప్ప వేరే కబురుండదు.
కిటికీలు ఎంత బిగించినా
సరిగ్గా మీటింగు మధ్యలో గొంతులో దిగుతుంది.
మ్యూట్ నొక్కి దగ్గుతాను.
తెర మీద నా బొమ్మ భుజాలెగరేస్తూ
చప్పుడు లేకుండా ఏడుస్తున్నట్టుంటుంది.
అత్తయ్య పరుగున వచ్చి నడినెత్తిన తడుతుంది,
"పొలమారిందే, ఎవరో తలుచుకుంటున్నారు నిన్ను."

తలుచుకోనిదెవరు అత్తయ్యా!
గ్యాసు బండ అబ్బాయి తలుచుకున్నాడు.
ఎదురు ఫ్లాటు కొరియర్లు మూడు
"మీరు ఇంట్లోనే ఉంటారుగా" అని నా చేతిలో పెట్టిపోయారు.
పదమూడో ఎక్కం దగ్గర చిక్కుకుని
పిల్లాడు తలుచుకున్నాడు.
చక్రధర్ కాఫీ కోసం
పక్క గదిలోంచి మెసేజీతో తలుచుకున్నాడు.

ఆయనదీ ఇంటి నుంచి పనే.
కాకపోతే ఆయన పనికి తలుపుంది, తలుపుకి గొళ్ళెముంది.
నా పని డైనింగ్ టేబుల్ మీద
ఆవకాయ జాడీకీ మందుల డబ్బాకీ మధ్య.
ముక్కూ మొహం తెలియని వాళ్ల ఆసుపత్రి బిల్లులు సరిచూస్తూ
ఒక చెవిలో లెక్కలు,
ఒక చెవిలో కుక్కర్ విజిళ్ళు.

వెనకున్నదంతా మసకబార్చే మీట ఒకటుంది.
ఆరేసిన లుంగీలు, విరిగిన బొమ్మ బస్సు,
కూర తరుగుతున్న అత్తయ్య,
అన్నీ పొగమంచు.
కుర్చీ కాస్త వెనక్కి జరిపితే
నా చెవీ, ఒక భుజమూ కూడా అందులో కలిసిపోతాయి.
ఎవరూ అడగలేదు.

కింద మెట్ల చాటున మస్తాన్‌బీ
టిక్కీ మూతి విప్పి కూర్చుంటుంది.
కాయ, తొడిమ, కాయ, తొడిమ.
యార్డు వాళ్లు పొద్దున దించి సాయంత్రం తూచుకుపోతారు.
ఆమె పనికి మాత్రం
'ఇంటి నుంచి' అని ఎవరూ పేరు పెట్టలేదు.
నాకూ మొన్నటిదాకా తోచలేదు.
మండే వేళ్ళు మజ్జిగలో ముంచి
పిల్ల కన్నీళ్ళు మోచేత్తో తుడుస్తూ అడిగింది,
"నీకు కిలోకెంతిస్తారమ్మా?"

మొన్న శనివారం అబద్ధమాడాను.
"ఆఫీసుకి రమ్మన్నారు."
నాలుగేళ్ళ కిందట మూసేసిన ఆఫీసుకి
ఇస్త్రీ చీర కట్టుకుని, ఖాళీ సంచి తగిలించుకుని
విజయవాడ బస్సెక్కాను.

ఆ రోజుల్లో రోజూ తిట్టుకున్న బస్సే ఇది.
కాజ దగ్గర టోలు, మంగళగిరి దగ్గర తోపులాట,
చెమట, చిల్లర గొడవ.
అయినా ఆ గంటలో నేను
ఎవరి పెళ్ళాన్నీ కాదు, ఎవరి ఉద్యోగినీ కాదు,
కిటికీ పక్కన కూర్చున్న ఒక టిక్కెట్టుని.
వారధి మీదికి రాగానే రూపాయి తీసి
కృష్ణలోకి విసిరేదాన్ని.
ఏం కోరుకునేదాన్నో గుర్తు లేదు.
బహుశా సీటే.

ఈసారి కిటికీ దొరకలేదు.
రెండు జడల అమ్మాయి కూర్చుంది అక్కడ,
కెమిస్ట్రీ పుస్తకం మూసి నీళ్ళకేసి చూస్తూ.
పర్సు అడుగున మిగిలిపోయిన నాణేలన్నీ
దోసిట్లో పోసి ఇచ్చాను.
"అన్నీ వేసెయ్యాలా ఆంటీ?"
"ఒక్కొక్కటే వెయ్యి. తొందరేం లేదు."

ఇక్కడ మిరప ఘాటు లేదు.
నీటివాసన, డీజిలు పొగ, ఎవరిదో మల్లెచెండు.
అయినా పొలమారింది.
దగ్గాను, గట్టిగా, మ్యూట్ లేకుండా.
ముందు సీట్లో ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు కూడా.

అప్పుడే సంచిలో ఫోను మోగింది.
చక్రధర్.
"పప్పుకి ఎన్ని విజిల్స్?"

వారధి దాటేదాకా
జవాబివ్వలేదు.