ఖాళీ కవరు

పైసందూ ఊళ్ళో, ఉరుగ్వాయ్ నది గాలి నేరుగా తగిలే బడిలో
పద్దెనిమిదేళ్ళుగా వంట నాది.
పేరు నెల్బా. పిల్లలకి మాత్రం సూపు టీచర్ని.

మార్చిలో, బడి తెరిచిన రెండో వారం,
వంటింటి గుమ్మంలో ఒక కుర్రాడు.
మెడ దగ్గర ఉండాల్సిన నీలి రిబ్బను పువ్వు
తెల్ల అంగీ వీపు మీదికి తిరిగిపోయింది.
చేతిలో అంటించిన కవరు.
"జుల్మా టీచర్ పంపింది. చాలా ముఖ్యమంట."

చింపి చూశాను. ఏమీ లేదు.
వరండా ఆ చివర జుల్మా,
పెదవి మీద వేలు.

వెంటనే అర్థమైందని చెప్పను.
కవరు మీద సంతకం పెట్టి
"అందిందని చెప్పు" అన్నాను.
పరుగెత్తరాదు అన్న బోర్డు కిందనుంచే
పరుగెత్తాడు.

బల్తసార్. ఆరేళ్ళు.
వాడు కూర్చుంటే కుర్చీకి నిద్ర ఉండదు.
పక్కవాడి పెన్సిలు, ఆ పక్కపిల్ల చెవిపోగు,
కిటికీ బయట ఆగిన ట్రక్కు, ట్రక్కు మీద కుక్క
అన్నీ ఒక్కసారే వాణ్ణి పేరుపెట్టి పిలుస్తాయి.
మర్యాద తెలిసినవాడు, ప్రతి పిలుపుకీ పలుకుతాడు.
టీచరు పిలుపు ఆ గుంపులో ఒకటి.

డాక్టరమ్మ నాలుగక్షరాల పేరు రాసిచ్చింది.
ఆ కాగితంతో వాళ్ళమ్మ గ్రిసెల్ నా మెట్టు మీద కూలబడి
"నేనేం తప్పు చేశాను?" అంది.
నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను.
ఇద్దరం ఏడ్చాం.
నెపం ఉల్లిపాయల మీద వేశాం.

జుల్మా దేవతేం కాదు.
ఒక్కోరోజు గొంతు లేస్తుంది,
ఆ సాయంత్రం నా దగ్గర కూర్చుని
మాతె కషాయం చల్లారేదాకా మాట్లాడదు.
ఐనా వాడి కుర్చీ కాళ్ళకి సైకిల్ ట్యూబు కట్టింది,
తన్నుకోవడానికి.
పది లెక్కల కాగితాన్ని మడిచి మూడే చూపిస్తుంది.
అవయ్యాక మరో మడత విప్పుతుంది.
లోపల ఆవిరి పట్టి మూత ఎగిరేలోపు
కవరు.

తక్కినవాళ్ళూ మాకూ కవర్లని గోలపెట్టారు.
ఇచ్చింది. వారానికల్లా విసుగొచ్చి మానేశారు.
వాడు మానలేదు.

ఆగస్టు చలిలో జుల్మాకి జ్వరం.
బదులొచ్చినాయనకి కవరు సంగతి తెలీదు.
చేతులు తుడుచుకుంటూ నేను వెళ్ళేసరికి
బల్తసార్ మూల గోడకి మొహం పెట్టి ఉన్నాడు.
మొహం గోడకుంది గానీ
కాళ్ళింకా తరగతిలో తిరుగుతున్నాయి.
ఎవరికీ ఏదీ చెప్పే హోదా కాదు నాది.
"పప్పు ఏరడానికి ఓ మనిషి కావాలి సార్" అన్నాను.

నాలుగు కిలోల పప్పు.
గంటసేపు వంటింట్లో గింజ చప్పుడే.
ఒకే ఒక్క రాయి దొరికింది.
దాన్ని జేబులో వేసుకుని, జేబు మీద చెయ్యి తియ్యలేదు.

ఇప్పుడు వాడే అడుగుతున్నాడంట,
చెయ్యెత్తి, కుర్చీ ఇంకా పడకముందే,
"టీచర్, కవరు."

నిన్న వచ్చింది మాత్రం బరువుగా ఉంది.
చింపితే నా అరచేతిలో ఆ పప్పులో రాయి.

"ఇన్నాళ్ళూ ఇందులో ఏమీ లేదు. నాకు తెలుసు."
"ఎప్పట్నుంచి?"
"రెండోసారి దారిలో వెలుతురుకి పట్టి చూశా."
"మరి తెస్తూనే ఉన్నావేంరా?"
నన్ను వింతగా చూశాడు,
ఇంత పెద్దదానికి ఇదీ తెలీదా అన్నట్టు.
"నువ్వు సంతకం పెడతావు కదా."

సంతకం పెట్టాను.
రిబ్బను పువ్వు ముందుకి తిప్పబోతే ఆగలేదు.
వరండాలో నడుచుకుంటూ వెళ్ళాడు,
సగం దూరం.