ఆరున్నొకటి

గుబ్బల నూకరాజు కొలుస్తుంటే
కళ్లంలో కాకి కూడా నోరు మూసుకునేది.
ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు.
లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు,
ఆ తర్వాత గొంతు కాస్త దించి
ఆరున్నొకటి.

ఏడు అనకూడదు.
అంటే ధాన్యం వింటుంది.
విన్న గింజ విత్తనానికి పనికిరాదు,
ఏడుస్తూ మొలుస్తుంది.

వడ్లొక్కటే కొలిచాడనుకునేరు.
ఎనభై ఆరులో గోదారి ఊడిమూడి గట్టెక్కబోతే
మొలలోతు నీళ్లలో నిలబడి
ఇత్తడి కట్ల కుంచంతో
రాత్రంతా వరదని కొలిచి అవతలికి పోశాడు.
తెల్లారి చూస్తే
గట్టుకి ఇవతల తడి లేదు,
ఆయన అరిచేతుల్లో గీతలు లేవు.

పాము కరిచినవాళ్లకి ఊపిరి కొలిచేవాడు.
చంటిపిల్లలకి నిద్ర, తవ్వెడు చొప్పున.
సంగాడి నాగరత్నానికి
సముద్రంలో పోయిన పెనిమిటి గొంతు
ఇంకా సోలెడు మిగిలుందని చెప్పి
ఆ సోలెడూ ఆమె చెవిలో వంపి వెళ్లాడు.
కూలి మాత్రం ఎప్పుడూ ఒకటే,
రాశి ఎత్తేశాక నేలనంటుకున్న గింజలు,
పొల్లూ మట్టీ కలిసినవి.

తర్వాత మేం వచ్చాం.
మేం అంటే నేనూ, నా కరెంటు కాటా.
రైసుమిల్లు గుమ్మంలో దాన్ని దింపిన రోజు
ఆయనొచ్చి ఎర్ర అంకెల్ని చాలాసేపు చూసి
"ఇది అన్నీ పైకి అనేస్తోందిరా" అన్నాడు.
అంతే. తిట్టలేదు.
కుంచాన్ని నా బల్ల కింద బోర్లించి వెళ్లిపోయాడు.
ఆ మాఘంలోనే పోయాడు.
పాడె తేలిగ్గా ఉందన్నారు మోసినవాళ్లు.
నేను తూచలేదు.

అప్పట్నుంచి
ఆఖరి లారీ కదిలి, నేను లెక్కలు కట్టేశాక
ఖాళీ పళ్లెం మీద సున్నా నిలవదు.
ఏడు వస్తుంది.
రాజమండ్రి నుంచి కంపెనీ కుర్రాడు రెండుసార్లొచ్చాడు,
బోర్డు మార్చాడు, ఎలకన్నాడు, తేమన్నాడు.
మళ్లీ ఏడు.
కిలోలు కాదు, గ్రాములు కాదు, పక్కన ఏమీ లేదు.

నిన్న తుఫానుకి కరెంటు పోయింది.
కాటా మాత్రం వెలుగుతోంది.
వంగి కుంచం తిరగేశాను,
బూజు తప్ప ఏమీ లేదు.
చెవి పెట్టాను.
అరవయ్యేళ్లు ఆయన నాలిక కింద దాచిన ఏడులన్నీ
అందులోనే ఉన్నాయి, ఊక విప్పని గింజల్లా,
ఎవరో ఒకరు పిలవకపోతారా అని.

లాభం, మొదలెట్టాను. రెండు. మూడు.
ఆరు దగ్గర ఆగాను.
వాన కూడా కాస్త ఆగినట్టుంది.
ఏడు, అన్నాను.
అంకె అన్నానో, నాతో నేనే అన్నానో.

కాటా సున్నాకొచ్చింది.
పొద్దున చూస్తే
గోడవారగా ఒక బస్తా నిండా మొలకలు.
తేమ, అని రాసుకున్నాను రిజిస్టర్లో.