పది సెకన్లు

జువ్వలదిన్నె నుంచి తొలి ఆటోకి వచ్చారు.
దేశమ్మ వీపు మీద కొడుకు.
పదిహేనేళ్ళవాడు, కాళ్ళు ఆమె మోకాళ్ళు దాటి వేలాడుతున్నాయి.
కావలి భవిత కేంద్రం, రెండో గది,
గోడకి పోయినేడాది క్యాలెండరు.

అట్ట మీద నాలుగు బొమ్మలు పెట్టాను.
"ఏకాంబరం, చెయ్యి రాకపోతే కంటితో చూపించు.
తలుపు ఏది?"
వాచీ నొక్కాను.
పుస్తకంలో రాసుంది: పది సెకన్లు. దాటితే సున్నా.

వాడి చూపు బయల్దేరింది.
మెడ ఓ పక్కకి లాగేసింది.
ఎడమ చెయ్యి దానిష్టాన అది లేచి
చెవిని కొట్టి దిగింది.
గొడుగు దగ్గర చూపు తట్టుకుంది, మళ్ళీ లేచింది,
కిక్కిరిసిన బస్సులో సీటు దాకా
దారి చేసుకునే ముసలమ్మలాగా.
తలుపు చేరేసరికి పధ్నాలుగు.

సున్నా వేశాను.
చెంచా, సున్నా.
నిచ్చెన మీద వాడి కన్ను వాలేటప్పటికి
నేను పేజీ తిప్పేస్తున్నాను.

"చేప" అన్నాను.
వాడు బొమ్మల వైపే చూళ్ళేదు. నన్ను చూశాడు.
దవడ కిందికి జారింది, గొంతులోంచి ఒక దీర్ఘం.
స్పందన లేదు, అని రాయబోతున్నాను.

దేశమ్మ నవ్వింది.
"ఏం చేపా అని అడగతా ఉండాడు మేడం.
మొప్పల్లేవు, రెక్క యాడబడితే ఆడ గీసినారు,
దీన్ని చేపంటే వాడెట్టా ఒప్పుకుంటాడు?
రేవులో పాట జరిగేటప్పుడు నా గంప పక్కనే ఉంటాడు.
ఎవురు ఎంతకి పాడిందీ నేను మరిచిపోతా,
వాడు మరవడు."

ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.
నిన్నటి వేలం. ఒకే ఫొటోలో నాలుగు రకాలు.

వాచీని బోర్లించాను.
"కానాగంత ఏది?"

బయట గూడ్సు బండి వచ్చింది.
ఇంజను పోయింది, బొగ్గు పెట్టెలు పోయాయి,
ఖాళీ పెట్టెలు గడగడా పోయాయి,
చివర ఎర్రదీపం కూడా పోయింది.
అప్పుడు వాడి చూపు ఒక చేప మీద ఆగింది.
కదల్లేదు.
అదేనా? నేను వాళ్ళమ్మ మొహం చూడాల్సొచ్చింది.
కానాగంత నాకు పులుసులోనే తెలుసు.

మళ్ళీ ఆ దీర్ఘం. ఈసారి చివర కొంచెం పైకి తిరిగింది.
"మీ వంతంట మేడం," అంది దేశమ్మ.
"మాగ ఏదో మీరు చూపించాలంట."

నాలుగూ వెండిరంగే.
పది సెకన్లు అయిపోయాయి.
వాడు నా కళ్ళకేసే చూస్తున్నాడు,
తొందరేం లేదన్నట్టు.