నలభై మూడు గుల్లలు

కాఫీ డబ్బాలో పోసి ఇచ్చాడు అన్న.
నలభై మూడు, లెక్కపెట్టుకో అన్నాడు.
తను వేళ్ళతో ఎన్నిసార్లు లెక్కపెట్టాడో
మూత మీది జిడ్డే చెబుతోంది.
ఏ వైపు చూస్తే ఆ వైపే నడిమధ్యన
ఒక మచ్చ వచ్చి కూర్చుంటోందని
కిందటేడే రైఫిల్ అమ్మేశాడు విల్పు.

ఇవి అతని రైఫిల్లో పేలిన గుల్లలు.
నా దాంట్లో పట్టవు.
బోల్టు సగం మూశాక మొరాయిస్తాయి,
గడపలోనే నిలబడి చెప్పులు విప్పని చుట్టంలా.
పేలిన ఆ లిప్తలో ఇత్తడి ఉబ్బి
ఏ గోడలకు ఆనిందో
ఆ గోడల ఆకారమే తనదనుకుంటుంది.
ఇరవై రెండేళ్ళు అవే గోడలు.

షెడ్డులో, మంచుబండి పక్కన, ప్రెస్సు బిగించాను.
మొదటి గుల్లకి జిడ్డు రాయడం మరిచాను.
డైలోకి దిగింది, ఇక రానంది.
పిడి పట్టుకుని వేలాడితే అడుగు అంచు ఊడొచ్చింది,
గుల్ల లోపలే.
గుమ్మంలో విల్పు నవ్వు:
"దాని మెడలు వంచుదామనుకున్నావా, ఇర్మెలీ?"
తొలిచి తీయడానికి ఒక సాయంత్రం పట్టింది.
నలభై రెండు.

గొర్రె ఉన్ని కొవ్వు, వేలి కొనకి ఆవగింజంత.
ఒంటికి రాయి, భుజాలకి వద్దు, సొట్టలు పడతాయి.
భుజాన్ని వెనక్కి నెట్టేది వెంట్రుకవాసి.
ఎక్కువ నెడితే ప్రతిసారీ సాగి సాగి
ఒకనాడు అడుగు దగ్గర తెగుతుంది.
"బోల్టు మూసుకోడానికి ఎంత కావాలో అంత,
నీ తొందరకి ఎంత కావాలో అంత కాదు."

ఇక మెడ.
గుండుని పట్టుకునేది అదొక్కటే.
జిగురు లేదు, మేకు లేదు,
తన కొలతకి తను తిరిగిపోవాలన్న
ఇత్తడి పంతం తప్ప.
ఆ పంతం ముదిరితే మాత్రం పట్టు ఉండదు.
వంగి లేచి, వంగి లేచి గట్టిపడ్డ మెడలు
అదిమినంతసేపే వింటాయి,
వదలగానే వాటి దారి వాటిదే.
బొటనవేలి ఒత్తిడికే గుండు లోపలికి జారిపోయింది.

దీపం ఆర్పేశాం.
బ్లోలాంపు మంట ముందు ఒక్కో మెడనీ తిప్పాను.
ఎర్రబడకముందే తీయాలి.
ఆ రంగు అతనికి కనబడదు, పైకి లెక్కపెట్టాడు,
యుక్సి, కక్సి, కొల్మె...
ఆరుకి బకెట్లో చుయ్యిమంది.
ఏడుదాకా ఎప్పుడూ పోనివ్వలేదు.
అడవి ముక్క అమ్మకం గొడవలో
తొమ్మిది శీతకాలాలు మేం మాట్లాడుకోలేదు.
ఆ సంగతి ఆ రాత్రీ మాట్లాడుకోలేదు.

గుండ్లు దించేటప్పుడు పిడి అతను పట్టుకున్నాడు.
నేను పెడుతున్నాను, అతను దించుతున్నాడు.
నా చేతిలో కాలిపర్,
అంకెలన్నీ అచ్చుగుద్దినట్టు ఒక్కటే.
పదకొండో దాని దగ్గర చెయ్యి ఆగింది.
"ఇది వేరు."
మళ్ళీ కొలిచాను. అదే అంకె.
"నీ అంకె అదే. ఇది వేరు."
అలా మూడు పక్కన పెట్టించాడు.

దుప్పుల వేటకి ఇంకా వారం.
కంకర గుంటలో, తొలి మంచు రాలుతుండగా,
మంచివి ఏడు పేల్చాను,
నా అరచేతి కింద దాక్కునేంత చోటులో పడ్డాయి.
తర్వాత ఆ మూడు.
ఒకటి పైకి పోయింది, ఒకటి ఎడమకి.
మూడోది ఆ ఏడింటి నడుమనే పడింది.

ఇంటికొచ్చి, మూడూ పోయాయని చెప్పాను.
ఊఁ అన్నాడు.
పది ఖాళీ గుల్లలూ బల్ల మీద పోయించుకుని
ఒక్కోదాని మెడ తడిమి డబ్బాలో వేస్తున్నాడు.
ఒక దాన్ని మాత్రం వేళ్ళ మధ్య కాసేపు తిప్పి,
ఏమీ అనకుండా
నా గుప్పిట్లో పెట్టాడు.
ఇంకా వెచ్చగా ఉంది,
తుపాకీ వేడి కాదు, అతని చేతిది.